దివ్యాంగ పిల్లలున్న ఇంటికి స్వచ్ఛంద సాయం: పరికరం చేతికొచ్చాక మొదలయ్యే పని

క్లుప్తంగా: పింఛన్, సర్టిఫికెట్, ఉచిత పరికరాలు, భవిత కేంద్రంలో (దివ్యాంగ పిల్లల ప్రత్యేక విద్యా కేంద్రం) చదువు ఇవన్నీ ప్రభుత్వం నుంచి రావాల్సినవే. వాటికీ ఇంటి అవసరానికీ మధ్య మిగిలిపోయే ఖాళీల్లో స్వచ్ఛంద సంస్థలు పనికొస్తాయి. ప్రయాణం, మరమ్మతు, కాగితాలు, తల్లి చేతికి కాస్త తీరిక, ఏళ్ల తరబడి సాగాల్సిన ఫాలో-అప్ ఆ ఖాళీలు. దాతల సొమ్ము మాత్రం ఎక్కువగా ఒక్కరోజులో పంచిపెట్టి ముగించగల వస్తువులకే వెళ్తోంది. సాయం అందుకున్న ఇంట్లో కూడా బిడ్డ పరిస్థితి మెరుగుపడకపోవడానికి ఇది పెద్ద కారణం.

ఇన్ని పథకాలుండగా సంస్థలెందుకు?

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 1995 నాటి చట్టం ఏడు వైకల్యాలనే గుర్తిస్తే ఇది 21 రకాలను గుర్తించింది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛన్ నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి 15,000. తెలంగాణలో ఆసరా కింద ఇచ్చే మొత్తం 2023 జులైలో 4,016కు పెరిగింది. మండలాల్లో సమగ్ర శిక్ష నడిపే భవిత కేంద్రాలున్నాయి. పుట్టుకతో వచ్చే లోపాలను, ఎదుగుదలలో ఆలస్యాన్ని గుర్తించడానికి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, దాని కింద జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నాయి. సికింద్రాబాద్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ నీపిడ్ బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసమే పనిచేస్తుంది.

జాబితా చూస్తే లోటేమీ కనిపించదు. లోటు లెక్కలో కనిపిస్తుంది. 2025-26లో రెండు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు, కదలికలు అదుపు తప్పే స్థితి) ఉన్న బిడ్డను చూసుకోవడానికి ఇంట్లో ఒకరు పని మానేస్తే, ఆ రేటు ప్రకారం ఇరవై రోజుల కూలి 6,140. అంటే ఆంధ్రప్రదేశ్ పింఛన్ మొత్తం ఒక మనిషి ఇరవై రోజుల కూలికే సరిపోదు. తెలంగాణ పింఛన్ పదమూడు రోజులకే చెల్లుతుంది. మందులు, ఆటో, డైపర్లు, ఫిట్స్ వచ్చినప్పుడు ఆసుపత్రి ఖర్చు ఇంకా లెక్కలోకే రాలేదు. పింఛన్ చిన్నదని తీసిపారేయడానికి లేదు. నెలనెలా ఆగకుండా వచ్చే సొమ్ము అదొక్కటే కాబట్టి చాలా ఇళ్లు దానిమీదే నిలబడ్డాయి. కానీ అది పోయిన ఆదాయంలో కొంత పూడుస్తుందే తప్ప, కొత్తగా పడే ఖర్చుకు మిగలదు.

రెండో లోటు సర్టిఫికెట్ దగ్గర. ఐదేళ్లలోపు పిల్లలకు సాధారణంగా బుద్ధిమాంద్యం అని రాయరు, ఎదుగుదలలో ఆలస్యం అని రాస్తారు. ఆ వయసులో పరిస్థితి మారే అవకాశం ఉంటుంది కాబట్టి వైద్యపరంగా అది సరైనదే. దాంతో పిల్లలకు తరచూ గడువున్న సర్టిఫికెట్టే వస్తుంది, గడువు తీరితే మళ్లీ స్లాట్ బుక్ చేసుకుని, వైకల్య శాతం తేల్చే సదరెం క్యాంపుకు వెళ్లాలి. ఆ తేదీని ఇంట్లో ఎవరూ గుర్తుపెట్టుకోకపోతే సర్టిఫికెట్‌తో ముడిపడిన పింఛన్, బస్సు పాసు, రైలు రాయితీ అన్నీ ఒకేసారి చిక్కులో పడతాయి. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగ పింఛన్లను తిరిగి పరిశీలించి, 40 శాతం కన్నా తక్కువని తేలినవారికి నోటీసులు ఇచ్చినప్పుడు ఊరూరా కలిగిన గందరగోళం ఈ కాగితం మీద ఎంత ఆధారపడ్డారో చూపించింది. అప్పీలు చేసుకునే వీలు కల్పించారు. కానీ అప్పీలుకు పాత రిపోర్టులు కావాలి. అవి దాచుకోని ఇంటికి సాయం చేయగలిగేది ఆ బిడ్డ ఫైలు తన దగ్గర పెట్టుకున్న సంస్థే.

డాక్టరు ఉచితం, బూట్లు ఎవరివి?

స్వచ్ఛంద సాయం ఎక్కడ ఫలితాన్ని మార్చేస్తుందో చూడటానికి క్లబ్‌ఫుట్ మంచి ఉదాహరణ. పాదాలు లోపలికి, కిందికి తిరిగి పుట్టే ఈ లోపానికి పోన్సెటి పద్ధతిలో పెద్ద ఆపరేషన్ లేకుండానే చికిత్స ఉంది. వారానికొకసారి పాదాన్ని కాస్త కాస్త సరిచేస్తూ పిండికట్టు మారుస్తారు. సాధారణంగా ఐదు నుంచి ఏడు కట్లు సరిపోతాయి. ఎక్కువమంది పిల్లలకు ఆఖర్లో మడమ వెనక నరంగా పిలుచుకునే స్నాయువును చిన్న గాటుతో వదులు చేసి, మూడు వారాలు కట్టు ఉంచుతారు. ఇంతవరకు పని ప్రభుత్వాసుపత్రి ఎముకల విభాగంలో జరిగిపోతుంది. కట్టు విప్పాక పాదం చక్కగా కనిపిస్తుంది, ఇంట్లోవాళ్లు నయమైందనుకుంటారు.

అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. రెండు బూట్లను ఒక కడ్డీకి బిగించిన బ్రేస్‌ను మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆ తర్వాత నాలుగైదేళ్ల వయసు వచ్చేదాకా రాత్రిపూట, పగటి నిద్రలోనూ తొడగాలి. కడ్డీ పొడవు బిడ్డ భుజాల వెడల్పుకు సరిపోవాలి. లోపమున్న పాదం బూటు 60 నుంచి 70 డిగ్రీలు బయటికి తిరిగి ఉండాలి, బాగున్న పాదం 30 నుంచి 40 డిగ్రీలు. పాదం పెరిగేకొద్దీ బూటు సైజు మారుస్తూ ఉండాలి. జబ్బు తిరగబెట్టడానికి మొదటి కారణం బ్రేస్ మానేయడమే.

ఎందుకు మానేస్తారు? బిడ్డ ఏడుస్తుంది, మడమ మీద పొక్కు వస్తుంది. పొక్కు చూసి బూటు బిగుతైందనుకుని పట్టీ వదులు చేస్తారు. నిజానికి చాలాసార్లు వదులుగా ఉండి మడమ పైకీ కిందికీ రాసుకోవడం వల్లే పొక్కు వస్తుంది. పలుచని నూలు మేజోడు తొడిగి, మడమ బూటు అడుగుకు ఆనేలా నొక్కిపట్టి, ముందు మధ్య పట్టీ బిగించాలి. తర్వాతే లేసులు. ఈ పది నిమిషాల పాఠం చెప్పడానికి రద్దీగా ఉండే ఓపీలో డాక్టరుకు సమయం ఉండదు. క్యూర్ ఇండియా వంటి సంస్థలు ప్రభుత్వాసుపత్రుల క్లబ్‌ఫుట్ క్లినిక్‌లలో పెట్టుకున్న పని ఇదే. డాక్టరు, గది, పిండికట్టు ఆసుపత్రివి. బ్రేస్, దాన్ని తొడగడం నేర్పే కౌన్సెలర్, రాకపోతే ఫోన్ చేసి అడిగే మనిషి సంస్థవారు. మొత్తం చికిత్సలో సంస్థ పెట్టే ఖర్చు చిన్నది, కానీ అది లేకపోతే మిగతాదంతా వృథా.

పుట్టుకతో చెవుడున్న పిల్లలకు పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్‌లోనూ ఇదే జరుగుతుంది. ఆరోగ్యశ్రీలో గానీ, కేంద్రం పథకంలో గానీ ఆపరేషన్ ఉచితంగా అయిపోతుంది. ఆ తర్వాత మాటలు రావాలంటే ఏడాదికి పైగా స్పీచ్ థెరపీ కావాలి. వారంటీ తీరాక తెగిపోయే కేబుళ్లు, బ్యాటరీలు, చెవి బయట పెట్టుకునే ప్రాసెసర్ పాడైతే ఆ ఖర్చు కుటుంబానిదే అవుతుంది. ప్రాసెసర్ మూలన పడితే లోపల అమర్చినది ఎంత ఖరీదైనదైనా బిడ్డకు వినపడదు.

వీల్‌చైర్ ఎందుకు వరండాలో తుప్పు పడుతుంది

దాతలకు ఎక్కువగా నచ్చే వస్తువు వీల్‌చైర్, తప్పులు ఎక్కువగా జరిగేదీ దాని దగ్గరే. పెద్దల సైజు కుర్చీలో ఏడేళ్ల బిడ్డను కూర్చోబెడితే సీటు వెడల్పుగా ఉండి నడుము ఒకవైపు ఒరుగుతుంది. సీటు లోతు ఎక్కువై వీపు వెనక్కి ఆనదు, తుంటి ముందుకు జారుతుంది. పాదాలు పీటకు అందక వేలాడతాయి. సెరిబ్రల్ పాల్సీలో బిగుసుకునే కండరాలకు ఈ భంగిమ ఇంకా చేటు. నెలల తరబడి ఇలా కూర్చుంటే వెన్ను వంకర, తుంటి కీలు జారడం, పిరుదుల మీద పుండ్లు వస్తాయి. తల నిలవని బిడ్డకు ఈ స్థితిలో అన్నం పెడితే పొరపోతుంది.

సరైన కుర్చీకి కొలతలు కష్టమేమీ కాదు. సీటు వెడల్పు తుంటి వెడల్పు కన్నా కొద్దిగానే ఎక్కువుండాలి. మోకాలి వెనక, సీటు అంచుకు మధ్య రెండు వేళ్లు పట్టే సందు ఉండాలి. పాదాల పీట ఎత్తు తొడలు సమంగా ఆనేలా ఉండాలి. చాలామందికి పక్క ఆసరా, తల ఆసరా, నడుము బెల్టు కూడా కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008 మార్గదర్శకాలు వీల్‌చైర్ సేవను ఎనిమిది అంచెలుగా చెప్పాయి. రిఫరల్, పరీక్ష, ఎంపిక, నిధులు సమకూర్చి ఆర్డర్ చేయడం, సిద్ధం చేయడం, సరిచూసి అమర్చడం, వాడకం నేర్పడం, మరమ్మతు. పంపిణీ సభలో జరిగేది వీటిలో ఒకటీ అరా మాత్రమే.

కేంద్రం అడిప్ పథకం కింద ఉచిత పరికరాలకు ముందు కొలతల శిబిరం, తర్వాత పంపిణీ శిబిరం పెడతారు. కుటుంబ ఆదాయం నెలకు 22,500 దాటకపోతే పరికరం పూర్తిగా ఉచితం, 30,000 వరకు సగం ధర. రెండు శిబిరాల మధ్య నెలలు గడిస్తే, పెరిగే వయసులో కొలత పాతబడిపోతుంది. ఒకసారి తీసుకున్నవారు మళ్లీ అదే పరికరానికి మూడేళ్లు ఆగాలన్నది 12 ఏళ్లు, ఆపైన ఉన్నవారికే. అంతకన్నా చిన్న పిల్లలకు ఏడాది చాలు. ఈ మినహాయింపు తెలియక ‘ఒకసారి తీసుకున్నాం, ఇక రాదు’ అనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. చీలమండను, పాదాన్ని సరిగా పట్టి ఉంచడానికి కాలికి తొడిగే ప్లాస్టిక్ ఏఎఫ్‌ఓ అయితే ఆ ఏడాది కూడా ఆగలేకపోవచ్చు. పాదం పెరిగి వేళ్లు అంచు దాటాయంటే, మడమ పైకి లేచి నిలుస్తోందంటే అది ఇక పనిచేయడం లేదనే.

ఇక్కడ స్థానికంగా వర్క్‌షాప్ నడిపే సంస్థ చేసే మేలు వేరే రకంది. అనంతపురం ప్రాంతంలో 1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ ప్రత్యేక పాఠశాలలు, పరికరాల తయారీ, ఊళ్లలో వికలాంగుల సంఘాలు అన్నీ ఒకే గొడుగు కింద నడిపింది. బూటు పట్టీ తెగితే వారంలో బాగుచేసేవారు దగ్గర్లో ఉండటం, కొత్త పరికరం కన్నా ఎక్కువ విలువైన సందర్భాలే ఎక్కువ. ఊరి సంఘం మరో పని చేస్తుంది. ఏ ఇంట్లో ఎవరికి సర్టిఫికెట్ గడువు తీరుతోందో, ఎవరు బడి మానేశారో దానికి తెలుస్తుంది.

కాగితాలు నడిపే మనిషి

చాలా ఇళ్లకు సంస్థ నుంచి అందే అతి పెద్ద సాయం రూపాయల్లో ఉండదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమానే చూడండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. ముందస్తు వైద్య పరీక్షలు లేవు. ఓపీ ఖర్చు, థెరపీ కూడా ఇందులో వస్తాయి. మామూలు బీమాల్లో ఇది దొరకడం అరుదు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి చేరిక రుసుము 250, ఏటా రెన్యువల్‌కు 50 రూపాయలే. అయినా అర్హులు దీన్ని పెద్దగా వాడుకోలేరు. కారణాలు మామూలువే. ఇందులో చాలా భాగం ముందు ఖర్చు పెట్టి తర్వాత రాబట్టుకునే పద్ధతి. రోజుకూలీ ఇంటికి ముందు పెట్టే సొమ్మే ఉండదు. బిల్లులు నిర్ణీత గడువులో పంపాలి. థెరపిస్టు తెల్లకాగితం మీద మొత్తం రాసి సంతకం పెడితే సరిపోదు. తేదీలు, సెషన్ల సంఖ్య, చికిత్స చేసినవారి రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. స్పీచ్ థెరపిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లకైతే ఆ నంబర్ ఇచ్చేది భారత పునరావాస మండలి. కార్డు గడువు మార్చి 31తో ముగుస్తుంది, రెన్యువల్ మరిచిపోతే ఏప్రిల్‌లో వచ్చిన ఫిట్స్ ఖర్చుకు బీమా ఉండదు.

నేషనల్ ట్రస్ట్‌లో నమోదైన స్థానిక సంస్థ ఈ పనంతా చేసిపెట్టగలదు. ఇరవై, ముప్పై కుటుంబాల రెన్యువల్ తేదీలు ఒకే రిజిస్టరులో రాసుకుని, బిల్లులు నెలనెలా అడిగి తీసుకునే ఒక్క ఉద్యోగి ఉంటే, ఆ ఇళ్లకు చేరే మొత్తం అతని జీతాన్ని మించిపోతుంది. దాతలకు ఈ లెక్క చెప్పి ఒప్పించడమే కష్టం.

ఆపరేషన్ ఖర్చుకు ట్రస్టులను ఆశ్రయించేవారు గమనించాల్సింది ఒకటుంది. చాలా ట్రస్టులు చికిత్సకు ముందే, ఆసుపత్రి ఇచ్చిన అంచనా పత్రం మీద, నేరుగా ఆసుపత్రికే చెల్లిస్తాయి. అయిపోయిన ఖర్చును తిరిగివ్వవు. కాబట్టి అప్పు చేసి ఆపరేషన్ చేయించి, తర్వాత దరఖాస్తు పెడితే ఆ దారి మూసుకుపోతుంది. ముఖ్యమంత్రి సహాయనిధిలో రెండు దారులున్నాయి. ముందుగా ఆసుపత్రి పేరిట ఎల్‌ఓసీ (ఖర్చు చెల్లిస్తామన్న హామీ పత్రం), లేదా తర్వాత అసలు బిల్లులతో తిరిగి చెల్లింపు. ఎక్కడికెళ్లినా అడిగేవి దాదాపు ఒకటే. వైకల్య ధ్రువపత్రం లేదా యూడీఐడీ కార్డు (దివ్యాంగుల జాతీయ గుర్తింపు కార్డు), ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు, డాక్టరు సంతకంతో అంచనా, బ్యాంకు పాసు పుస్తకం మొదటి పేజీ. అసలు బిల్లులు ఒకచోటే ఇవ్వగలం కాబట్టి, ఏది ఎక్కడ ఇవ్వాలో ముందే తేల్చుకోవాలి. అరుదైన జన్యు జబ్బులైతే 2021 జాతీయ విధానం కింద గుర్తించిన కేంద్రాల ద్వారా 50 లక్షల వరకు సాయం ఉంది. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి అలాంటి కేంద్రంగా ఉన్నాయి. ఆన్‌లైన్‌లో చందాలు మొదలుపెట్టే ముందే అక్కడ నమోదు చేయించుకోవడం మేలు.

డే కేర్, బస్సు, తల్లి నడుము

ఎనిమిదేళ్లు దాటిన, నడవలేని బిడ్డ బరువు తరచూ ఇరవై కిలోల పైమాటే. స్నానానికి, దొడ్డికి, మంచానికి రోజుకు పదిసార్లకు పైగా ఎత్తి దించాలి. తల్లి నడుము పోతే ఆ ఇంట్లో సంరక్షణ మొత్తం ఆగిపోతుంది. డే కేర్ కేంద్రం విలువను ఇక్కడి నుంచి లెక్కించాలి. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా బిడ్డ అక్కడుంటే తల్లి కూలికి వెళ్లగలుగుతుంది, లేదా పడుకోగలుగుతుంది. పది పన్నెండేళ్ల పిల్లలను బడి మానిపించి తమ్ముడికి కాపలా పెట్టడమూ తగ్గుతుంది. నగదు సాయం ఈ పని చేయలేదు, ఎందుకంటే ఊళ్లో డబ్బిచ్చినా అలాంటి బిడ్డను చూసుకునే మనిషి దొరకరు.

కేంద్రం ఎంత మంచిదైనా బండి లేకపోతే ఖాళీగా ఉంటుంది. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సు ఉచితం కావడం థెరపీకి వెళ్లే తల్లులకు ఏ సంస్థా ఇవ్వలేని ఊరట. అయితే బిగుసుకుపోయిన కాళ్లతో ఉన్న బిడ్డను నిండిన బస్సెక్కించడం, దిగాక కేంద్రం దాకా ఆటో మాట్లాడుకోవడం మిగిలే ఉన్నాయి. అందుకే సొంత వ్యాను నడిపే కేంద్రాల్లో హాజరు నిలకడగా ఉంటుంది. థెరపీలో ఫలితం వారం వారం వెళ్లడం మీదే ఆధారపడుతుంది. నెల రోజులు మానేస్తే కండరాలు మళ్లీ బిగుసుకుంటాయి.

దాత సొమ్ము ఏ దారిలో వస్తుంది, దానివల్ల ఏమవుతుంది

కంపెనీల చట్టం 2013 ప్రకారం, నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. తమ చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలనీ చట్టమే చెబుతోంది. ఫలితంగా హైదరాబాద్, విశాఖ పరిసరాల సంస్థలకు తలుపులు తెరుచుకున్నంతగా ఆదిలాబాద్‌లోనో శ్రీకాకుళం లోపలి మండలాల్లోనో తెరుచుకోవు. ‘కొనసాగే ప్రాజెక్టు’కు కూడా మొదలైన ఏడాది కాక మూడేళ్లే గరిష్ఠ గడువు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు పదిహేనేళ్లు థెరపీ కావాలి. మూడో ఏడాది చివర్లో నిధులు ఆగి ఫిజియోథెరపిస్టు వెళ్లిపోయిన కేంద్రాలు అందుకే కనిపిస్తాయి. ఏడాదిలోపు లెక్క చూపాల్సిన సొమ్ముకు వీల్‌చైర్లు కొనడం తేలిక, జీతాలివ్వడం కష్టం.

విదేశీ విరాళాల చట్టానికి 2020 సెప్టెంబర్‌లో చేసిన సవరణ మరో మలుపు. పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి తగ్గింది. ఒక సంస్థ తాను పొందిన విదేశీ నిధిని మరో సంస్థకు బదిలీ చేయడం నిషిద్ధమైంది. డాక్టర్లు, టీచర్ల జీతాలు పాలనా ఖర్చులోకి రావు గానీ ఆఫీసు అద్దె, అకౌంట్ల పని, వాహనాల నిర్వహణ వస్తాయి. వ్యానే ఆయువుపట్టుగా ఉన్న కేంద్రానికి ఇది ఇబ్బందే. లెక్కల్లో పారదర్శకత కోసం తెచ్చామన్న వాదనలో బలం లేకపోలేదు, దుర్వినియోగం జరిగిన సందర్భాలూ ఉన్నాయి. కానీ పెద్ద సంస్థల ద్వారా నిధులు అందుకునే చిన్న గ్రామీణ సంస్థలకు ఆ దారి మూసుకుపోయింది. 2025లో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ చిక్కుల్లో పడినప్పుడు అనంతపురం జిల్లాలో ఆందోళనలు జరిగాయి. ఒక ప్రాంతంలోని సేవలన్నీ ఒకే సంస్థ మీద, ఆ సంస్థ ఒకే రకం నిధి మీద ఆధారపడితే ఎంత ప్రమాదమో అప్పుడు తెలిసింది.

చిన్న దాతలు నెలనెలా ఇచ్చే వెయ్యి, రెండు వేలకు ఈ సంకెళ్లేవీ లేవు. జీతానికైనా, డీజిల్‌కైనా, తెగిన పట్టీకైనా వాడుకోవచ్చు. పన్ను మినహాయింపు కావాలంటే 2,000 మించిన మొత్తం నగదుగా ఇవ్వకూడదన్నది గుర్తుంచుకోవాలి. పుట్టినరోజున ప్రత్యేక పాఠశాలలో భోజనం పెట్టించడం తెలుగునాట బాగా పాతుకుపోయిన అలవాటు. దాంతో పేరున్న పాఠశాలకు కొన్ని రోజుల్లో రెండేసి భోజనాలు వస్తాయి గానీ, స్పీచ్ థెరపిస్టు జీతానికి ఎవరూ రారు.

పద్దెనిమిది నిండాక

చాలా సంస్థల సాయం 18 ఏళ్లకు ఆగుతుంది. భవిత కేంద్రం, బడి, పిల్లల వార్డు అన్నీ ఒకేసారి తలుపులు వేస్తాయి. చట్టం దృష్టిలో అప్పటివరకు తల్లిదండ్రులే సహజ సంరక్షకులు. మేజరయ్యాక బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలున్న వ్యక్తి తరఫున బ్యాంకులోనో ఆస్తి విషయంలోనో సంతకం చేసే అధికారం తల్లిదండ్రులకు దానంతటదే ఉండదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసి చట్టబద్ధ సంరక్షకులుగా నియామకం పొందాలి. ఆ కమిటీలో నమోదిత స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి ఒకరు, దివ్యాంగుడొకరు సభ్యులు. ఖాతా స్తంభించాక పరుగెత్తే కుటుంబాలే ఎక్కువ కాబట్టి, పదిహేడో ఏట నుంచే కాగితాలు సిద్ధం చేయించే సంస్థలు ఆ తర్వాతి తిప్పలు తప్పిస్తున్నాయి. తల్లిదండ్రుల తదనంతరం ఎవరు చూసుకుంటారన్న ప్రశ్నకు నేషనల్ ట్రస్ట్ సమర్థ్-కమ్-ఘరోందా పథకంలో నివాస కేంద్రాల ఏర్పాటు ఉంది. వాటిని నడపాల్సిందీ నమోదిత సంస్థలే. అలాంటి సంస్థ లేని జిల్లాలో పథకం ఉన్నా కేంద్రం ఉండదు.